గణిత పట్టములలో ఏది మేలు?

ఇంటర్మీడియేటులో గణితమునందు రాణించిన విద్యార్థులందరును ఇంజనీరింగునకే పోవలెనను నియమము లేదు. జంగారెడ్డిగూడెము ప్రాంతమున అట్టి పిల్లల తలిదండ్రులు సలహా కోరినపుడు పంచాయతీ సభ్యులు ఈ క్రింది విషయములను తెలుపవచ్చును.

బి.ఎస్‌సి. గణితములో సిద్ధాంతములు, వాని నిరూపణలు ప్రధానము. పిదప బి.ఇడి. ముగించినవారు ఉన్నత పాఠశాలలందు గణితోపాధ్యాయ పదవులకు పోటీ చేయవచ్చును. గణాంకశాస్త్రము పంటల అంచనాలకు, జనాభా లెక్కలకు, భీమా వ్యవహారములకు ఉపకరించును. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో బి.స్టాట్. చదువదలచినవారు ప్రవేశ పరీక్షలో నెగ్గవలెను.

ఈ రెండు మార్గములు పరస్పర విరుద్ధములు కావు. నేటి ఏలూరు జిల్లాలోని నూజివీటిలో కొంతకాలము చదివిన సి. ఆర్. రావుగారు (1920–2023) ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము నభ్యసించి, 1943లో కలకత్తా విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రములో ఎం.ఏ. పట్టమును పొంది, ఆ శాస్త్రమున జగద్విఖ్యాతులైరి.

ఎన్నేండ్లు చదువవలెనన్నది మరియొక ప్రశ్న. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్ల పట్టమునకును, నాలుగేండ్ల ఆనర్సు పట్టమునకును అవకాశము కల్పించినది. త్వరగా ఉపాధి కోరు కుటుంబమునకు మొదటిది అనుకూలము. పరిశోధన కోరు విద్యార్థికి రెండవది మేలు.

మన రాష్ట్రమున 2023–24 నుండి ఒకే ప్రధాన విషయముతో కూడిన పద్ధతి ప్రవేశపెట్టబడినది. నిబంధనలు మారుచుండును గనుక, రుసుము చెల్లింపకముందే ఆ యేటి నియమములను కళాశాలలో విచారించుట క్షేమము. ఇంటి స్థితితోబాటు పిల్లల అభిరుచిని కూడ గమనింపుడు. బాలికల విషయమునను ఇదే న్యాయము.