లైమ్ వ్యాధి చికిత్స: పేగు ఆరోగ్యం, రోగనిరోధక వ్యవస్థ

1. పరిచయం

గత భాగంలో దోమల ద్వారా సంక్రమించే వ్యాధుల గురించి చదివారు. ఈ భాగంలో పిడుదుల (గోమార్ల) ద్వారా సంక్రమించే లైమ్ వ్యాధి గురించి తెలుసుకుందాం. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరిలోను, ఆ చుట్టుపక్కల ఊళ్లలోను 1975 ప్రాంతంలో అనేకమంది పిల్లలకు కీళ్లవాపు వచ్చింది. అలా వెలుగులోకి వచ్చిన వ్యాధికి ఆ ఊరి పేరే స్థిరపడింది. దీనికి కారణమైన మెలికల ఆకారపు బాక్టీరియాను గుర్తించిన విల్లీ బర్గ్‌డార్ఫర్ పేరు మీదుగా దానిని బొరీలియా బర్గ్‌డార్ఫెరి అంటారు.

ఈ వ్యాధి అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. అక్కడి న్యూజెర్సీ వంటి చోట్ల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కాబట్టి మీ బంధువుల నోట ఈ పేరు వినే అవకాశం ఉంది.

2. ‘దీర్ఘకాలిక లైమ్’ అంటే ఏమిటి?

తొలిదశలో, చర్మంపై ఎర్రటి మచ్చ కనిపించినప్పుడు, సాధారణంగా డాక్సీసైక్లిన్ 10 రోజులు ఇస్తారు. కీళ్లకు సోకితే 28 రోజులు ఇస్తారు. చాలామందికి దీనితో నయమవుతుంది. కొద్దిమందిలో మాత్రం అలసట, ఒళ్లునొప్పులు, ఏకాగ్రత లోపం ఆరు నెలలు దాటినా తగ్గవు. వీరు పడే బాధ నిజమైనదే. దానికి కారణం ఏమిటన్నదే ప్రశ్న.

బాక్టీరియా ఇంకా మిగిలి ఉందని భావించి నెలల తరబడి యాంటీబయాటిక్‌లు ఇచ్చే వైద్యులు ఉన్నారు. 2001లో అమెరికాలోను, 2016లో నెదర్లాండ్స్‌లోను ప్రచురితమైన పరీక్షల్లో, ఇలా పొడిగించిన చికిత్స ఉత్తుత్తి మందు కన్నా మెరుగైన ఫలితం ఇవ్వలేదు. బాక్టీరియా కణకవచపు ముక్కలు కీళ్ల ద్రవంలో మిగిలిపోయి వాపును కొనసాగించవచ్చని 2019లో ఒక పరిశోధన సూచించింది.

3. రోగనిరోధక శక్తిని ‘పెంచాలా’?

పై విషయం నుంచి ఒక ముఖ్యమైన సంగతి గ్రహించండి. చికిత్స తరువాత కూడా తగ్గని కీళ్లవాపులో రోగనిరోధక వ్యవస్థ బలహీనంగా లేదు; అవసరానికి మించి పనిచేస్తోంది. అటువంటి రోగికి ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు, మాత్రలు అమ్మడంలో అర్థం లేదు. కావలసింది సమతుల్యత. తగినంత నిద్ర, పప్పు, గుడ్డు వంటి మాంసకృత్తులు, శక్తిమేరకు నడక అందుకు తోడ్పడతాయి. రక్తపరీక్షలో విటమిన్ డి లేదా ఇనుము లోపం బయటపడితేనే వాటి మాత్రలు వాడాలి.

4. పేగుపై యాంటీబయాటిక్‌ల ప్రభావం

మన పెద్దపేగులో కోటానుకోట్ల బాక్టీరియా నివసిస్తాయి. ఇవి పీచు పదార్థాన్ని పులియబెట్టి పేగు గోడకు ఆహారం అందిస్తాయి. హానికర సూక్ష్మజీవులకు చోటివ్వవు. యాంటీబయాటిక్ శత్రువుతో పాటు వీటినీ చంపుతుంది. ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ అనే బాక్టీరియా పెరిగితే తీవ్రమైన విరేచనాలు కలుగుతాయి, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా. చికిత్స ఎన్ని రోజులు సాగితే ఈ ముప్పు అంత పెరుగుతుంది. అందువల్ల పేగును కాపాడే మొదటి మార్గం అవసరానికి మించి యాంటీబయాటిక్ వాడకపోవడమే.

5. చికిత్స కాలంలో పాటించవలసినవి

• డాక్సీసైక్లిన్‌ను గ్లాసు నిండా నీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. లేకపోతే మాత్ర అన్నవాహికలో నిలిచి పుండు చేయవచ్చు.

• ఐరన్, కాల్షియం మాత్రలు, యాంటాసిడ్‌లు ఈ మందును రక్తంలోకి చేరనివ్వవు. పాలు, పెరుగు కూడా కొంత అడ్డుపడతాయి. పెరుగన్నం మానవలసిన పనిలేదు; మాత్రకూ దానికీ మధ్య రెండు మూడు గంటల వ్యవధి ఉంచితే చాలు.

• కందులు, పెసలు, జొన్నలు, ఆకుకూరలు, అరటిపండు పేగు బాక్టీరియాకు పీచును అందిస్తాయి. కడుపు తేలికపడిన కొద్దీ వీటిని పెంచుకోవాలి.

• ప్రొబయాటిక్ మాత్రలు కొందరిలో విరేచనాలను తగ్గించవచ్చు. అయితే యాంటీబయాటిక్ తరువాత ఇవి సొంత బాక్టీరియా తిరిగి నెలకొనడాన్ని ఆలస్యం చేశాయని 2018లో ఒక చిన్న అధ్యయనం తెలిపింది. సిరలో గొట్టం అమర్చినవారు, నిరోధకత బాగా తగ్గినవారు డాక్టరును అడగకుండా వీటిని వాడరాదు.

• రోజుకు మూడుసార్లకు మించి నీళ్ల విరేచనాలైనా, మలంలో రక్తం కనిపించినా వెంటనే వైద్యునికి చెప్పాలి. ఆపే మాత్ర సొంతంగా వేసుకోరాదు. మందు ముగిసిన కొన్ని వారాలకూ ఇది రావచ్చు.

6. సారాంశం

ఆహారం, నిద్ర, జాగ్రత్తలు రోగి చికిత్సను తట్టుకోవడానికి సాయపడతాయి, బొరీలియాను చంపవు. పేగును కాపాడుకుంటున్నాం కదా అని యాంటీబయాటిక్‌ను నెలల తరబడి పొడిగించడం సరికాదు. సిరలోని గొట్టం ద్వారా దీర్ఘకాలం సాగించిన ఇటువంటి చికిత్సల్లో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లు, మరణాలు కూడా సంభవించాయని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2017లో తెలియజేసింది. లక్షణాలు తగ్గనప్పుడు థైరాయిడ్ లోపం, రక్తహీనత, నిద్రలేమి వంటి ఇతర కారణాలను కూడా వెతకాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డాక్సీసైక్లిన్‌ను పెరుగన్నంతో పాటే ఎందుకు తీసుకోరాదు?
2. మీ బంధువు ఒకరు లైమ్ చికిత్స తరువాత కూడా అలసట తగ్గలేదని, ‘ఇమ్యూనిటీ మాత్రలు’ కొనబోతున్నానని చెప్పారు. మీరు ఏమని వివరిస్తారు?