ఏ తూటా కొనాలో.. రైఫిల్‌నే అడగండి!

కొత్త రైఫిల్ చేతికొచ్చింది. లైసెన్సు ఉంది, రేంజ్‌లో సభ్యత్వం ఉంది. మరి తూటా సంగతి? ‘అందరూ వాడేదే కొంటే పోలా!’ అనుకుంటే డబ్బూ పోతుంది, స్కోరూ పోతుంది. దూరపు లక్ష్యానికి తూటా ఎంచుకోవడం నిజానికి ఒక చిన్న ఇంజినీరింగ్ ప్రాజెక్టు. ఇంటర్ ఫిజిక్స్, కొంచెం స్టాటిస్టిక్స్, బోలెడంత ఓపిక ఉంటే చాలు. ఈ పని సరిగ్గా చేయడం అలవాటైతే రేపు ఇంటర్వ్యూలోనూ, ఉద్యోగంలోనూ అక్కరకొస్తుంది.

2012 లండన్ ఒలింపిక్స్. పురుషుల 50 మీటర్ల రైఫిల్ ప్రోన్, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీ. మన జాయ్‌దీప్ కర్మాకర్ 699.1 స్కోరుతో నాలుగో స్థానంలో నిలిచారు. కాంస్యం గెలిచిన స్లొవేనియా షూటర్ రాజ్మండ్ దెబెవెచ్ స్కోరు 701.0. క్వాలిఫయింగ్‌లో 60, ఫైనల్లో 10.. మొత్తం 70 షాట్లు కాల్చాక ఇద్దరి మధ్య తేడా 1.9 పాయింట్లు! ఆ తేడాకు తూటానే కారణమని ఎవరూ అనలేరు. కానీ పతకానికీ, నాలుగో స్థానానికీ మధ్య ఎడం ఎంత సన్ననిదో దీన్నిబట్టి తెలుస్తుంది. అలాంటి ఆటలో తూటా వల్ల వచ్చే మిల్లీమీటర్ల తేడాను ఎవరూ వదిలేయరు.

తెలుగువాళ్లకు ఈ ఆట అనగానే గుర్తొచ్చే పేరు హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్. అదే లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఆయనకు కాంస్యం వచ్చింది. 50 మీటర్లలోనూ ఆయనది మంచి రికార్డే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో త్రీ పొజిషన్స్ స్వర్ణం, 2014 గ్లాస్గోలో ప్రోన్ రజతం గెలిచారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుశాలే రైల్వే ఉద్యోగి. స్పోర్ట్స్ కోటా వైపు చూసే కుర్రాళ్లు 50 మీటర్ల గురించి ఆరా తీయడంలో ఆశ్చర్యం లేదు.

50 మీటర్లు దూరమేనా?

సినిమాల్లో కిలోమీటరు దూరం నుంచి కాల్చేస్తుంటారు కాబట్టి 50 మీటర్లంటే చిన్నచూపు. కానీ ఇక్కడ వాడేది .22 లాంగ్ రైఫిల్ తూటా. బుల్లెట్ వ్యాసం 5.6 మిల్లీమీటర్లు, బరువు 2.6 గ్రాములు. టార్గెట్‌పై పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. అంటే చిటికెన వేలి గోరంత. ఇంత తేలికైన సీసం ముక్కతో అంత చిన్న చుక్కను మళ్లీ మళ్లీ కొట్టాలి. కాబట్టి మన కాలేజీ కుర్రాళ్లకు అందుబాటులో ఉన్న లాంగ్ రేంజ్ ఇదే. దీని తర్వాత 300 మీటర్ల బిగ్ బోర్ పోటీలుంటాయి.

ఎక్కువ వేగం మంచిదేనా?

కొత్తవాళ్లు డబ్బా మీద మొదట చూసేది వేగం. ‘హై వెలాసిటీ’ అని ఉంటే అదే మేలు అనుకుంటారు. .22 మ్యాచ్ తూటాలు మాత్రం కావాలనే సెకనుకు సుమారు 325 మీటర్ల దగ్గర ఆగుతాయి. ధ్వని వేగం 30 డిగ్రీల వేడిలో సెకనుకు సుమారు 349 మీటర్లు. ధ్వనిని దాటి బయల్దేరిన బుల్లెట్, దారిలో వేగం తగ్గి మళ్లీ ధ్వని వేగం కిందకు దిగేటప్పుడు కుదుపులకు లోనవుతుంది. మొదటి నుంచీ ధ్వని కంటే నెమ్మదిగా వెళ్తే ఆ గొడవే లేదు.

అసలు చూడాల్సింది వేగం ఎంతన్నది కాదు, ఒక తూటాకూ ఇంకో తూటాకూ వేగంలో తేడా ఎంతన్నది. లెక్క చూడండి. 50 మీటర్లు వెళ్లడానికి బుల్లెట్‌కు దాదాపు 0.16 సెకన్లు పడుతుంది. ఆలోపు భూమ్యాకర్షణ దాన్ని సుమారు 12 సెంటీమీటర్లు కిందకు లాగుతుంది. వేగం ఒక్క శాతం మారితే ఈ పతనం దాదాపు 2 శాతం మారుతుంది. అంటే 2.5 మిల్లీమీటర్లు. అదే 100 మీటర్లకు పతనం 50 సెంటీమీటర్లు దాటుతుంది, ఒక్క శాతం తేడా ఒక సెంటీమీటరు అవుతుంది. దూరం రెట్టింపైతే లోపం నాలుగింతలు! దగ్గర్లో బాగున్న తూటా దూరంలో చేతులెత్తేసేది ఇందుకే.

అంతర్వేది గాలి చెప్పే పాఠం

మా అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్లినవాళ్లకు తెలుసు.. తెల్లవారుజామున ఆకు కదలదు, మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీంచి గాలి జోరందుకుంటుంది. కొబ్బరి మట్టలు ఊగే తీరును బట్టే గాలి ఎంతుందో మనవాళ్లు చెప్పేస్తారు. షూటర్‌కు కావాల్సిన కళ్లు ఇవే. రేంజ్‌లో కొబ్బరి మట్టలకు బదులు చిన్న జెండాలుంటాయి.

పక్క నుంచి సెకనుకు ఒక మీటరు వేగంతో గాలి వీస్తే .22 మ్యాచ్ బుల్లెట్ 50 మీటర్లలో దాదాపు 6 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. పది వలయం వ్యాసార్ధం 5.2 మిల్లీమీటర్లే అని గుర్తుంచుకోండి. చెంపకు తగిలీ తగలనట్టుండే గాలి చాలు, వలయం నడిమధ్యన పెట్టిన గురిని అంచుకు నెట్టేయడానికి.

ఇక్కడో తమాషా. వేగంగా వెళ్తే గాలికి తక్కువ జరగాలి కదా? .22 విషయంలో దానికి రివర్స్. బుల్లెట్ పక్కకు జరగడం అది గాల్లో ఉన్న సమయాన్ని బట్టి కాకుండా, దారిలో కోల్పోయిన వేగాన్ని బట్టి ఉంటుంది. ధ్వని వేగం దగ్గర గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి హై వెలాసిటీ .22 బుల్లెట్ ఎక్కువ వేగం కోల్పోయి, మ్యాచ్ బుల్లెట్ కంటే ఎక్కువే జరుగుతుంది. డబ్బా మీది పెద్ద అంకెకు ఎక్కువ డబ్బులిచ్చి నష్టం కొనుక్కోవడమన్నమాట.

300 మీటర్లకు వెళ్తే..

బిగ్ బోర్‌లో బరువైన, పొడవైన బుల్లెట్లు గాలికి తక్కువ లొంగుతాయి. కానీ పొడవు పెరిగేకొద్దీ బుల్లెట్ నిలకడగా వెళ్లాలంటే మరింత వేగంగా తిరగాలి. ఆ తిప్పే పని బ్యారెల్ లోపలి గాడుల మెలికది. బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ ప్రాథమిక అంచనాకు పనికొస్తుంది. బుల్లెట్ వ్యాసం వర్గాన్ని 150తో గుణించి, పొడవుతో భాగించాలి. అన్నీ అంగుళాల్లోనే. 0.308 అంగుళాల వ్యాసం, 1.24 అంగుళాల పొడవున్న బుల్లెట్‌కు జవాబు దాదాపు 11.5 వస్తుంది. అంటే గాడులు 11.5 అంగుళాల్లోపు ఒక చుట్టు పూర్తి చేయాలి. మీ బ్యారెల్ 12 అంగుళాలకు ఒక చుట్టు తిప్పేదైతే, అంత పొడవు బుల్లెట్ కొనేముందు మళ్లీ ఆలోచించాలి.

ఒకే పేరు, వేరే లాట్

కోనసీమలో రొయ్యల చెరువులున్న ఇళ్లలో పిల్లలకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకే హేచరీ నుంచి తెచ్చిన సీడే అయినా ఒక బ్యాచ్ బాగా ఎదుగుతుంది, ఇంకోటి ఎదగదు. పక్క చెరువులో బ్రహ్మాండంగా వచ్చింది మన చెరువులో రాకపోవచ్చు. తూటాలూ అంతే. డబ్బా మీద ముద్రించిన లాట్ నంబర్ అంటే ఆ బ్యాచ్ గుర్తు. ఒకే కంపెనీ, ఒకే ధర, ఒకే పేరు.. లాట్ మారితే మందు, ప్రైమర్, బుల్లెట్ మీది జిగురు పూతల్లో సూక్ష్మమైన తేడాలొస్తాయి. బ్యారెల్ లోపలి కొలతలూ ఏ రెండు రైఫిళ్లలో అచ్చు ఒకేలా ఉండవు.

అందుకే ఇంగ్లండ్‌కు చెందిన ఎలీ, ఫిన్లాండ్‌కు చెందిన లాపువా లాంటి కంపెనీలు పరీక్షా కేంద్రాలే నడుపుతున్నాయి. షూటర్లు తమ రైఫిల్ పట్టుకెళ్లి, దాన్ని కదలకుండా బిగించి, వేర్వేరు లాట్లు కాల్చి చూసి, తమ బ్యారెల్‌కు నప్పినదే కొనుక్కుంటారు. చాంపియన్ వాడిన బ్రాండ్ ఏదో తెలుసుకోవడం వల్ల మనకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆయన లాట్ వేరు, ఆయన బ్యారెల్ వేరు.

మూడు షాట్లతో మోసపోవద్దు

‘మూడు కాల్చా, మూడూ ఒకే కన్నంలో పడ్డాయి!’ అని ఫొటో పెట్టడం సరదానే. కొనుగోలుకు మాత్రం అది ఆధారం కాదు. గుంపులో రెండు దూరపు కన్నాల మధ్య కొలతను గ్రూప్ సైజ్ అంటారు. ఒకే రైఫిల్, ఒకే తూటాతో 3 షాట్ల గ్రూప్ సగటున 10 మిల్లీమీటర్లు వస్తుంటే, 10 షాట్ల గ్రూప్ సగటున దాదాపు 16 మిల్లీమీటర్లు వస్తుంది. తూటా చెడిపోలేదు, షాట్లు పెరిగేకొద్దీ అసలు రంగు బయటపడింది. పైగా 3 షాట్ల గ్రూపులు అదృష్టాన్ని బట్టి బాగా అటూఇటూ అవుతాయి. పది గ్రూపులు కాల్చి అందులో చిన్నదాన్ని చూపిస్తే ఏ తూటా అయినా గొప్పదే!

పరీక్ష ఇలా చేయండి..

* ముందు బ్యారెల్ మీద చెక్కిన క్యాలిబర్ చూడండి. దానికి సరిపోయే తూటా మాత్రమే వాడాలి. ఇందులో ప్రయోగాలకు తావు లేదు.
* మూడు నాలుగు రకాలు చాలు. ఒక్కోటి 50 తూటాల డబ్బా తీసుకుని, లాట్ నంబర్లు రాసి పెట్టుకోండి.
* రకం మార్చినప్పుడల్లా మొదటి పది షాట్లు లెక్కలోకి తీసుకోవద్దు. కొత్త తూటా పూత బ్యారెల్‌కు అలవాటు పడాలి.
* మిగతా 40తో పదేసి షాట్ల గ్రూపులు నాలుగు కాల్చండి. రైఫిల్‌ను రెస్ట్ మీద ఉంచండి. పరీక్ష తూటాకు, మీ చేతికి కాదు.
* గాలి నెమ్మదించిన ఉదయం వేళ ఎంచుకోండి. ఒక రకం పొద్దున, ఇంకోటి మధ్యాహ్నం కాల్చి పోల్చొద్దు.
* ఏ తూటా కాలుస్తున్నారో మీకు తెలియకుండా స్నేహితుణ్ని అందించమనండి. ఖరీదైన దానిపై మనకు తెలియకుండానే మమకారం ఉంటుంది.
* గ్రూప్ సైజ్‌తో పాటు, గ్రూప్ మధ్య బిందువు నుంచి ప్రతి కన్నం దూరాల సగటు తీయండి. అన్ని షాట్లూ లెక్కలోకొస్తాయి. ఎక్సెల్ చాలు, పైథాన్ వస్తే పది లైన్ల పని.
* రెండు రకాలు దాదాపు సమానంగా వస్తే తక్కువ ధరది తీసుకోండి. అదే లాట్‌లో లైసెన్సు అనుమతించినన్ని ఒకేసారి కొనండి.
* మన తీరంలో ఉప్పుగాలి, తేమ ఎక్కువ. తూటాలను పొడిగా, వేడి తగలకుండా, తాళం వేసి భద్రపరచాలి.

చట్టం మాటేంటి?

తూటా దుకాణంలో అడిగితే ఇచ్చే సరుకు కాదు. ఆయుధాల చట్టం 1959, ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం లైసెన్సు ఉండాలి, ఎన్ని కొనొచ్చో దాని మీద రాసి ఉంటుంది. లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లు క్లబ్ లేదా అకాడమీలో శిక్షకుల పర్యవేక్షణలోనే సాధన చేయాలి. బీచ్‌లోనో, కొబ్బరితోటలోనో కాల్చి చూద్దామనుకోవడం నేరం, ప్రాణాలకే ముప్పు. అనుమతి ఉన్న రేంజ్‌లోనే పరీక్ష.

డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు దగ్గరి దారి ఎన్‌సీసీ. చాలామంది జీవితంలో తొలి .22 షాట్ కాల్చేది అక్కడే. ఆసక్తి కుదిరితే రాష్ట్ర స్థాయి పోటీలు, జి.వి. మావలంకర్ చాంపియన్‌షిప్, ఆపై జాతీయ పోటీలు. ఖర్చు తక్కువ కావాలంటే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలెట్టొచ్చు. దానిలో వాడే పెల్లెట్లకూ ఇదే లాట్ పరీక్ష వర్తిస్తుంది.

ఉద్యోగానికి ఏం లాభం?

ఆటలో రాణిస్తే రైల్వే, సైన్యం లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉంది. సబ్జెక్టు మీద ఇష్టం పెరిగితే పుణెలోని ఏఆర్‌డీఈ, చండీగఢ్‌లోని టీబీఆర్ఎల్ లాంటి డీఆర్‌డీవో ల్యాబులు, తూటాలు తయారుచేసే మ్యూనిషన్స్ ఇండియా, ఫోరెన్సిక్ ల్యాబుల బాలిస్టిక్స్ విభాగాలు ఉన్నాయి. మెకానికల్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇవి దగ్గరి రంగాలే.

ఇవేవీ కాకపోయినా నష్టం లేదు. ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగం చేసేది బ్యాచ్ పరీక్షే. సాఫ్ట్‌వేర్‌లో రెండు డిజైన్లలో ఏది మేలో తేల్చే ఏ/బీ టెస్టింగ్ కూడా ఇదే కుటుంబం. సరిపడా శాంపిల్, ఒకే పరిస్థితులు, పక్షపాతం లేని కొలత.. మూడూ అక్కడా కావాలి. రెజ్యూమెలో హాబీ కింద ‘షూటింగ్’ అని ఒక్క మాట రాస్తే ఎవరూ ఆగి చూడరు. ‘నాలుగు రకాల తూటాలు, 160 షాట్లు, ఇలా పోల్చాను, ఫలానా కారణంతో ఇది ఎంచుకున్నాను’ అని రెండు లైన్లు రాయండి. తర్వాతి పావుగంట ఇంటర్వ్యూ దాని మీదే నడుస్తుంది, అదీ మీకు బాగా తెలిసిన విషయం మీద!