డ్యాము గేటుకు గ్రీజు పెట్టేదెవరు?

తుంగభద్ర ఆయకట్టు రైతులకు ఈ సంగతి కొత్త కాదు. మిగతావారి కోసం మొదటినుంచీ చెప్పుకుందాం.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము నిండుకుండలా ఉంది. నిల్వ 105 టీఎంసీలు. ముందటేడు వానలు మొహం చాటేసి డ్యాము నిండక దెబ్బతిన్న రైతులు ఈసారి ధైర్యంగా మళ్ళలో దిగారు. ఎల్లెల్సీ కింద కర్నూలు జిల్లాలో, హెచ్చెల్సీ కింద అనంతపురం జిల్లాలో, అవతల బళ్ళారి, రాయచూరు, కొప్పళ వైపు పనులు జోరుగా సాగుతున్న రోజులు. ఆ రాత్రి 19వ నంబరు గేటు గొలుసు తెగింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు ఉన్న ఇనుప గేటు ఏట్లో కొట్టుకుపోయింది.

ఆ ఒక్క ఖాళీలోంచే సుమారు 35 వేల క్యూసెక్కులు బయటికి పోయాయి. లెక్క కట్టి చూడండి. రమారమి పదకొండున్నర వేల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే ఆ ఒక్క గేటు నుంచే రోజుకు మూడు టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే పది వేల ఎకరాల ఆరుతడి పంట అని మన ఇంజనీర్లు వేసే మోటు లెక్క. రోజూ తెల్లారేసరికి ముప్పై వేల ఎకరాల నీళ్ళు కళ్ళముందే కిందికి పోతుంటే ఏ రైతుకు నిద్ర పడుతుంది? పైగా డ్యాము మీద ఒత్తిడి ఒకచోటే పడకూడదని మిగతా గేట్లు కూడా ఎత్తాల్సి వచ్చింది. మొత్తం గేట్లు 33.

పాత పద్ధతిలో అయితే నీటిమట్టం గేటు అడుగుదాకా దిగాలి, అప్పుడే మనుషులు దిగి కొత్త గేటు బిగించాలి. అంటే సుమారు 60 టీఎంసీలు వదిలేసుకోవాలి. అంతా అదే అనుకుంటున్నారు.

పారే నీళ్ళలో పలకలు

అప్పుడు పిలిపించిన మనిషి కన్నయ్యనాయుడు. మన తెలుగువాడు. ప్రాజెక్టుల గేట్ల పనిలోనే జీవితం గడిపి, రిటైరై చాలా ఏళ్ళయిన ఇంజనీరు. ఆయన చెప్పిన ఉపాయం, నీళ్ళు దిగేదాకా ఆగొద్దు, పారుతుండగానే స్టాప్‌లాగ్ దించుదామని.

స్టాప్‌లాగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పాతకాలం కోమటి అంగడి తలుపు గుర్తుందా? గడప గాడిలో ఒక్కో చెక్కపలకా వరసగా దించి అంగడి మూసేవారు. ఇదీ అంతే. చెక్కకు బదులు ఇనుప పలక. మామూలుగా ప్రతి డ్యాముకూ గేటు ముందు దీనికోసం గాడి ఉంటుంది. డెబ్భై ఏళ్ళ నాటి తుంగభద్ర డ్యాముకు ఆ ఏర్పాటు లేదు. అక్కడే చిక్కు వచ్చి పడింది. గాడి లేని చోట, ఉరకలెత్తే నీళ్ళలో, 60 అడుగుల పలకను కుదురుగా నిలబెట్టాలి. అంగుళం తేడా వచ్చినా పలక నిలవదు, నిలబెట్టే మనిషి ప్రాణానికీ భరోసా లేదు.

పలకలు ఐదు. ఒక్కొక్కటి నాలుగు అడుగుల ఎత్తు. హోస్పేట చుట్టుపక్కల వర్క్‌షాపులలో రాత్రింబగళ్ళు వెల్డింగు చేసి తయారుచేశారు. ఆగస్టు 16 సాయంత్రం మొదటి పలకను క్రేన్లతో దించారు. 17న మిగతావీ దిగాయి. వారం రోజులలో నీళ్ళు ఆగాయి. డ్యాములో ఇంకా దాదాపు 70 టీఎంసీలు మిగిలాయి. ఆ తర్వాత ఎగువన వానలు పడి డ్యాము మళ్ళీ నిండింది గానీ, ఆ వానలు పడతాయని ఆగస్టు 17న ఎవరికీ తెలియదు.

అదే సంవత్సరం సెప్టెంబరు 1న కృష్ణ వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజి గేట్లకు తగిలాయి. గేట్లకు ఎదురు బరువుగా ఉండే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. అక్కడికీ ఆయన్నే పిలిచారు. కొద్ది రోజులలోనే ఆ పనీ పూర్తయింది.

ఇంజనీరింగు చదువు సమాజానికి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఈ వారం రోజుల కథ చెబితే చాలు. కానీ నేను ఇది రాస్తున్నది ఒకరికి దండ వేయడానికి కాదు. ఒక డ్యాము, ఒక బ్యారేజి, రెండు రాష్ట్రాలు, పిలవడానికి మాత్రం రిటైరైన ఒక్క పెద్దమనిషి! ఇది గర్వపడాల్సిన విషయమా, గుబులు పడాల్సిన విషయమా మీరే ఆలోచించండి.

మూతపడిన గేట్ల ఫ్యాక్టరీ

విచిత్రమేమిటంటే, డ్యాము గేట్లు తయారుచేయడానికే పుట్టిన ఫ్యాక్టరీ ఒకటి ఆ తుంగభద్ర డ్యాము దగ్గరే ఉండేది. తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ అనే ఆ సంస్థ 1960లో మొదలైంది. దేశంలో చాలా ప్రాజెక్టులకు గేట్లు, వాటిని ఎత్తే యంత్రాలు అక్కడినుంచే వెళ్ళాయి. నష్టాలలో పడిందని 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మూసేయడానికి నిర్ణయించింది. లెక్కల పుస్తకం ప్రకారం అది సబబే కావచ్చు. కానీ ఫ్యాక్టరీతోపాటు ఫిట్టర్లు, వెల్డర్లు, డ్రాయింగులు చదివే ఫోర్‌మెన్‌లు చెదిరిపోతే ఆ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ రాయరు. తొమ్మిదేళ్ళు తిరక్కుండానే, ఆ ఫ్యాక్టరీ పక్కనున్న డ్యాముకే గేటు తెగింది.

ఇదొక్కటే అయితే కాలవశం అనుకోవచ్చు. వరస చూడండి. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయింది. అక్కడ స్టాప్‌లాగ్ ఏర్పాటు ఉంది కాబట్టి కొన్ని రోజులలో ఆపగలిగారు. అదే ఏడు నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. పోయిన ప్రాణాల గురించి, ఇసుక మేటలు వేసిన పొలాల గురించి అప్పట్లో మీరంతా చదివే ఉంటారు. ప్రకాశం జిల్లా గుండ్లకమ్మలో 2022లో ఒక గేటు, 2023లో ఇంకో గేటు పోయాయి. తెలంగాణలో కడెం ప్రాజెక్టు 2022, 2023 జులై వరదలకు రెండుసార్లూ వణికించింది. కొన్ని గేట్లు లేవలేదు, నీళ్ళు గేట్ల మీదుగా దూకాయి.

వానలు ఎక్కువయ్యాయంటారు. నిజమే. కానీ లేవాల్సిన గేటు లేవకపోవడానికి వాన ఏం చేస్తుంది?

పోరుమామిళ్ళ శాసనం చెప్పిందేమిటి?

మన సీమవాళ్ళకు ఇది తెలియని విద్య కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు అది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను ఆ రాతి మీద చెక్కించారు. మట్టి ఎలా ఉండాలి, కట్ట ఎలా ఉండాలి అనే వాటితోపాటు, నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలని ఒక అంగం, కట్టే నేర్పున్న పనివాళ్ళు ఉండాలని ఇంకొక అంగం. అంటే ఆరున్నర శతాబ్దాల కిందటే రాయి, మట్టి, సున్నంతో సమానంగా ఇంజనీరును, పనివాణ్ణి కూడా చెరువులో భాగంగానే లెక్కేశారు. చెరువుకు వచ్చే ఆరు దోషాలు కూడా అందులో ఉన్నాయి. కట్టనుంచి నీరు ఊరడం వాటిలో ఒకటి.

తర్వాత కాలంలో మన ఊళ్ళలో తూము చూసుకోవడానికి నీరుగంటి ఉండేవాడు. కాలువలు వచ్చాక లష్కరు వచ్చాడు. ఇప్పుడు మా వైపు చాలా కాలువల మీద లష్కరు కనిపించడమే అరుదు. ఒక పోస్టు ఖాళీ అయితే ఆ పని పక్క లష్కరు మీద పడుతుంది, ఆయనా రిటైరైతే కాలువ మీద ఇక ఎవరూ ఉండరు.

సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుతారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య విగ్రహానికి పూలదండలు పడతాయి. 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లా డ్యాముకు వాటంతటవే తెరుచుకునే గేట్లు అమర్చిన మహానుభావుడాయన. దండలు వేయండి, తప్పులేదు. ఆ రోజు సభలు పెట్టే ఇంజనీర్ల సంఘాలు దాంతోపాటు ఒక పని చేస్తే రైతు పదికాలాలు చెప్పుకుంటాడు. జిల్లాలో ఏ ప్రాజెక్టు గేట్ల పని ఏ రిటైరైన ఇంజనీరుకు, ఏ ఫిట్టరుకు తెలుసో ఒక జాబితా రాసి పెట్టండి. వాళ్ళ పక్కన ఇద్దరేసి కుర్రవాళ్ళను నిలబెట్టండి. మన జిల్లాలలో ఇంజనీరింగ్ కాలేజీలకు, పాలిటెక్నిక్‌లకు, ఐటీఐలకు కరువు లేదు. మెకానికల్ చదివే పిల్లలలో డ్యాము గేటు గేర్‌బాక్సును చేత్తో ముట్టుకున్నవాళ్ళు ఎందరున్నారు? ప్రాజెక్టు వర్కు పేరుతో సిటీలో కాగితాలు కొనుక్కునే బదులు, దగ్గరలో ఉన్న ప్రాజెక్టుకు పోయి ఒక గేటును పూర్తిగా కొలిచి, తుప్పు ఎక్కడుందో రాసుకొస్తే, వాళ్ళకు చదువూ అబ్బుతుంది, మనకు మేలూ జరుగుతుంది.

మే నెలలో ఏం చూడాలి?

ఇక మన వంతు. 2021 డ్యాముల భద్రత చట్టం ప్రకారం పెద్ద డ్యాములను వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాల్సిందే. ఆ తనిఖీ జరిగిందా, ఏం తేలింది అని అడిగే హక్కు ఆయకట్టు రైతుకు ఉంది. నీటి సంఘాలు 1997 చట్టంతో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో వాటికి మళ్ళీ ఎన్నికలు జరిగాయి. సంఘం అధ్యక్షులు కాలువ పూడిక పనులకు ఎంత హడావిడి చేస్తారో, గేట్ల కోసం అందులో సగమన్నా చేయాలి.

ప్రాజెక్టు దగ్గరకు వెళ్ళినప్పుడు పెద్ద పెద్ద ప్రశ్నలు అక్కర్లేదు. ఈ వేసవిలో ప్రతి గేటూ ఒకసారి పూర్తిగా ఎత్తి దించారా అని అడగండి. ఎత్తే రోప్‌కు పోగులు తెగాయేమో కంటితో చూసినా తెలుస్తుంది. రోప్‌కు నల్లగా కార్డియం కాంపౌండ్ పూసి ఉండాలి, అది ఎండి పెచ్చులు కడితే పూసి ఏళ్ళయిందన్నమాట. గొలుసు అయితే లంకెల కీళ్ళ దగ్గర అరుగుదల, తుప్పు చూడాలి. గేటు అంచులకు రబ్బరు సీలు ఉంటుంది. అది చినిగితే నీళ్ళు పిచికారీ కొడుతుంటాయి. గేటు వెనక అడ్డదూలాలలో మట్టి చేరి పిచ్చిచెట్లు మొలిస్తే అక్కడ నీళ్ళు నిలబడి ఇనుమును తినేస్తున్నాయని అర్థం. ఆ దూలాలకు నీళ్ళు పోయే బెజ్జాలుంటాయి, అవి పూడిపోకుండా చూస్తే గేటు ఆయుష్షు ఎంతో పెరుగుతుంది. దీనికి కోట్ల రూపాయల టెండరు అవసరం లేదు, ఒక మనిషి, ఒక ఇనుప కడ్డీ చాలు.

కరెంటు పోతే జనరేటరు ఉందా? ఉంటే డీజిలు ఉందా? రెండూ లేకుంటే చేత్తో తిప్పే హ్యాండిల్ ఎక్కడుంది? తుఫాను రాత్రి కరెంటు పోవడం ఖాయం కాబట్టి ఇది అడగాల్సిన మొదటి ప్రశ్న. స్టాప్‌లాగ్ పలకలు ఉంటే అవి ఎక్కడ పెట్టారు, వాటిని దించే క్రేన్ తిరుగుతోందా అన్నది రెండో ప్రశ్న.

తుంగభద్రలో పాత గేట్లన్నీ మార్చాలని నిపుణులు తేల్చారు. అప్పటిదాకా గేట్ల మీద బరువు పడకూడదని 2025లో నిల్వను 80 టీఎంసీల దగ్గరే ఆపారు. గేట్లు మార్చాలంటే డ్యాములో నీటిమట్టం దింపాలి. అంటే ఏదో ఒక సీజనులో ఆయకట్టు రైతు పంట వదులుకోవాలి. ఏటా గ్రీజు, రంగు, రోప్‌ల ఖర్చు వాయిదా వేస్తూ పోతే చివరికి బిల్లు వచ్చేది రైతు ఇంటికే.

డ్యాము దాకా పోలేనివారు మీ డిస్ట్రిబ్యూటరీ షట్టరుతో మొదలుపెట్టండి. స్క్రూ మరలకు గ్రీజు ఉందా, హ్యాండిల్ ఉందా, షట్టరు అడుగున పట్టిన రాయిని తీశారా చూడండి. ఈ పని రబీ నీళ్ళు ఆగిన వారంలోనే చేయించుకోవాలి. ఖరీఫ్‌కు నీళ్ళు వదిలారంటే షట్టరు విప్పడానికి ఫిట్టరు కాలువలో దిగలేడు.