రంగుకు ముందు జిగురు

బేతమంగళలో మా స్నానాలగది తలుపు ఫైబర్‌గ్లాసుది. 2001లో బంగారు గనులు మూతపడ్డప్పుడు నాన్నగారికి చేతికందిన డబ్బుతో పెట్టించినది, మార్చడానికి మనసొప్పదు. ఇప్పుడు దాని నిండా పిల్లల స్టిక్కర్లు పీకిన జిగురు.

రంగు వేయడానికొచ్చిన పెయింటరు నేరుగా ఉప్పుకాగితం అందుకున్నాడు. ఆపాను. రుద్దితే జిగురు వేడెక్కి గీతల్లోకి దిగుతుంది, పైన వేసిన రంగు పెచ్చులూడుతుంది. అసిటోన్ అయితే తలుపు పైపూతనే మెత్తబరచగలదు. టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డను పది నిమిషాలు అద్ది ఉంచి, పాత ఏటీఎం కార్డుతో గీకాలి (బ్యాంకువాడింట్లో వాటికేం కొదవ!). కిటికీలు తెరవండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. తర్వాత సబ్బునీళ్లతో కడగాలి. ఆపై మంచినీళ్లు చల్లితే పొరలా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోతే జిడ్డింకా ఉన్నట్టే. మాకు మూడోసారికి పరుచుకున్నాయి. అప్పుడిచ్చాను ఉప్పుకాగితం, 220 నంబరుది.