భూమిని తవ్వకుండా చదవడం: జియోఫిజిక్స్ డిగ్రీలో ఏముంటుంది?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. ఇక్కడి సుభాష్‌పల్లి వంటి పేటలకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే 1951లో మొదలైన ఐఐటీ ఉంది. అందులో భూగర్భ, భూభౌతిక శాస్త్రాల విభాగం ఒకటి. పన్నెండో తరగతి కాగానే జియోఫిజిక్స్‌లో చేరే అవకాశం అక్కడ ఉంది. కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ పేర్ల మధ్య ఈ పేరు సులువుగా కంటపడదు. ఇంతకీ ఆ చదువులో ఏం నేర్పుతారు?

భూగర్భ శాస్త్రవేత్త రాయిని చేతిలోకి తీసుకుని పరిశీలిస్తారు. భూభౌతిక శాస్త్రవేత్తకు ఆ రాయి కనబడదు. అది నేల కింద వంద మీటర్ల లోతునో, ఐదు కిలోమీటర్ల లోతునో ఉంటుంది. పైనుంచి కొలతలు తీసుకుని, లోపల ఏముందో లెక్కకట్టాలి. డాక్టరు కడుపు కోయకుండా స్కానింగ్‌తో చూడటం లాంటిదే ఇది.

రైలు పట్టా చెప్పే పాఠం

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు సుమారు 1,072 మీటర్లు. ఆ చివర ఎవరో పట్టాపై సుత్తితో కొట్టారనుకోండి. (నిజంగా పట్టాల మీదికి వెళ్లవద్దు, ఊహించుకుంటే చాలు.) గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి ఈ చివరికి చేరడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. ఉక్కులో దాని వేగం సెకనుకు సుమారు 5,000 మీటర్లు. కనుక పట్టా గుండా వచ్చే దెబ్బ సెకనులో ఐదో వంతులోనే అందుతుంది. కాలాన్ని కొలిస్తే, తరంగం ఏ పదార్థం గుండా వచ్చిందో తెలుస్తుందన్నమాట.

భూకంపాల అధ్యయనానికి ఇదే ఆధారం. గట్టి రాతిలో ప్రాథమిక తరంగాలు సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ద్వితీయ తరంగాలు సుమారు 3.5 కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. రెండింటి రాకకూ మధ్య 10 సెకన్ల తేడా ఉంటే, భూకంపం దాదాపు 84 కిలోమీటర్ల దూరంలో వచ్చినట్టు. మూడు కేంద్రాల నుంచి ఇలా దూరాలు తెలిస్తే స్థానం దొరుకుతుంది. 1897 అస్సాం భూకంపం నమోదులను పరిశీలించి ఈ తరంగాలను విడివిడిగా గుర్తించినవాడు, కలకత్తా కేంద్రంగా ఉన్న భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్. 1906లో ఆయనే భూమికి వేరే గుణమున్న కేంద్ర భాగం ఉందని తరంగాల ఆధారంగా చూపాడు.

నీళ్ల కోసం నాలుగు కడ్డీలు

పశ్చిమ మేదినీపూర్‌లో ఎర్రటి లాటరైట్ నేలలు ఎక్కువ. అనంతపురంలోనైనా, ఇక్కడైనా రైతు అప్పు చేసి బోరు వేస్తే, నీరు పడకపోయినా అప్పు మిగులుతుంది. తవ్వే ముందు చేసే పరీక్షల్లో ఒకటి విద్యుత్ నిరోధకత సర్వే. నేలలో నాలుగు కడ్డీలు పాతి, రెండింటి ద్వారా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. కరెంటు పంపే కడ్డీల మధ్య దూరం పెంచేకొద్దీ మరింత లోతు సమాచారం వస్తుంది. ఎండు లాటరైట్ కరెంటును బాగా అడ్డుకుంటుంది. నీరున్న ఇసుక తక్కువగా అడ్డుకుంటుంది.

చిక్కు ఏమిటంటే, బంకమట్టి కూడా తక్కువగానే అడ్డుకుంటుంది. అందులో తడి ఉన్నా బావికి నీరు వదలదు. అంటే ఒకే కొలతకు రెండు జవాబులు ఉండవచ్చు. అందుకే దగ్గరి బావుల్లో ఏ పొరలు తగిలాయో కనుక్కుని, వాటితో సరిచూసుకోవాలి. కొలతకు సరిపోయే అనేక జవాబుల్లో ఏది నమ్మదగినదో తేల్చడమే ఈ చదువులో అసలు కష్టం.

ఏం చదవాలి, ఎటు వెళ్లాలి?

మొదట కలనగణితం, అవకలన సమీకరణాలు, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్ ఉంటాయి. వాటితోపాటు రాళ్లు, ఖనిజాల పరిచయం. తర్వాత గురుత్వ, అయస్కాంత, విద్యుత్, భూకంప పద్ధతులు, బావుల్లో పరికరాలు దించి కొలవడం నేర్పుతారు. ఎండలో పరికరాలు మోసే క్షేత్ర పని తప్పదు. గణితం అంటే విసుగున్నవారికి ఇది సరిపడదు. రాళ్లంటే ఇష్టం ఒక్కటే చాలదు.

ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎక్స్‌ప్లొరేషన్ జియోఫిజిక్స్‌కు, రూర్కీలో జియోఫిజికల్ టెక్నాలజీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. ఆ ర్యాంకు రాకపోతే దారి మూసుకుపోదు. గణితం, భౌతికశాస్త్రాలతో బీఎస్సీ చేసి, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, హైదరాబాద్‌లోని ఉస్మానియాలోనో ఎమ్మెస్సీ జియోఫిజిక్స్‌కు ప్రయత్నించవచ్చు. యూపీఎస్సీ నిర్వహించే జియో సైంటిస్ట్ పరీక్షలో జియోఫిజిసిస్ట్ పోస్టులకు పీజీ స్థాయి అర్హత అడుగుతారు. కాబట్టి మూడేళ్ల డిగ్రీతో ఆగిపోవాలనుకునేవారు ముందే ఆలోచించుకోవాలి. చమురు సంస్థలు, భూగర్భజల శాఖలు, 1961లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటివి ఈ చదువు పనికొచ్చే చోట్లు.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూర్ ప్రాంతంలో వచ్చిన భూకంపం వేలమందిని బలిగొంది. దక్కను పీఠభూమి చాలా స్థిరమైనదన్న నమ్మకం ఆ రోజు దెబ్బతింది. మన కాళ్ల కింది నేల గురించి తెలుసుకోవాల్సింది ఇంకా చాలా ఉంది. ఆ పనికి గణితం వచ్చిన, ఎండకు వెనకాడని పిల్లలు కావాలి.