మందుల కర్మాగారమా, విషముల కర్మాగారమా?

పురుగుమందులకును, మనుష్యులను చంపు నాడీవిషములకును రసాయన శాస్త్రములో దగ్గరి చుట్టరికము కలదు. అనేక పురుగుమందులవలెనే నాడీవిషములును భాస్వరపు సమ్మేళనములు. వాటి తయారీకి కావలసిన పాత్రలు, గొట్టములు ఇంచుమించు ఒకే తీరున నుండును. కనుక ఒక కర్మాగారమును దూరమునుండి చూచి, అచట రసాయనాయుధములు తయారగుచున్నవని నిర్ణయించుట సులభము కాదు.

ఇట్టి అనుమానములను పరీక్షించుటకు గూఢచారులే అక్కరలేదు. ఉపగ్రహ చిత్రములు, వార్తాపత్రికలు, వ్యాపార పత్రములు, అచట పనిచేసినవారి మాటలు - ఇవి ఎవరైనను సేకరించి పోల్చి చూడదగిన ఆధారములు. వీటి విలువ ఎట్టిదో ఒక ఉదాహరణము తెలుపును.

1998 ఆగస్టు 7న కెన్యా, టాంజానియా దేశములలోని అమెరికా రాయబార కార్యాలయములపై బాంబుదాడులు జరిగినవి. దానికి ప్రతిచర్యగా ఆగస్టు 20న అమెరికా, సూడాన్ దేశములో ఖార్టూమ్ వద్దనున్న అల్ షిఫా కర్మాగారమును క్షిపణులతో ధ్వంసము చేసినది. అచటి మట్టిలో ‘ఎంప్టా’ అను పదార్థము కనబడినదనియు, అది వి.ఎక్స్. అను నాడీవిషపు తయారీలో ఏర్పడు పదార్థమనియు చెప్పినది.

పిమ్మట బహిరంగ సాక్ష్యములు ఒక్కొక్కటిగా వెలువడినవి. ఇరాక్‌కు పశువుల మందులు పంపుటకు ఆ కర్మాగారము చేసికొన్న ఒప్పందమును ఐక్యరాజ్యసమితి ఆమోదించియుండెను. విలేఖరులు శిథిలములలో మందుసీసాలను చూచిరి. నిర్మాణములో పాల్గొన్న బ్రిటిష్ ఇంజనీరు, ఆయుధముల తయారీకి అది తగినది కాదనెను. 1999లో అమెరికా, యజమాని ఖాతాలపై తాను విధించిన నిర్బంధమును న్యాయస్థానములో వాదింపకయే తొలగించినది. కాని ఈలోగా సూడాన్ తన మందులలో పెద్ద భాగమును అందించు కర్మాగారమును కోల్పోయినది.

ఈ సాక్ష్యములకును హద్దు కలదు. మందులు చేసినంతమాత్రమున విషము చేయలేదని రుజువు కాదు. అట్లే ఒక్క మట్టినమూనా కూడ చాలదు. దానిని ఎచట తీసిరి, ఎవరి చేతులు మారినది, వేరొక ప్రయోగశాల అదే ఫలితమును పొందినదా అనునవి తెలియవలెను. రసాయనాయుధ నిషేధ సంస్థ తన నమూనాలను ఒకటికంటె ఎక్కువ ప్రయోగశాలలకు పంపుట ఇందువలననే. పాఠశాల ప్రయోగములో విద్యార్థి ఒకే కొలతను నమ్మక మరల కొలుచును. ఒక దేశపు మందుల కొట్టును కూల్చు నిర్ణయమునకు అంతకంటె తక్కువ జాగ్రత్త తగునా?