కంప్యూటర్ గడియారాల సమకాలీకరణ

'''కంప్యూటర్ గడియారాల సమకాలీకరణ''' అనగా ఒక నెట్‌వర్కులోని కంప్యూటర్లన్నీ ఒకే సమయాన్ని చూపునట్లు చేయడం. ఇందుకు ఎక్కువగా వాడే పద్ధతి నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ (ఎన్‌టీపీ). విద్యుత్తు, ఇంటర్నెట్ తరచుగా నిలిచిపోయే అరకులోయ వంటి మన్యం ప్రాంతాలలో దీని అవసరం మరింత ఎక్కువ.

== అవసరం ==
కంప్యూటర్‌లోని క్వార్ట్జ్ స్ఫటికం సాధారణంగా సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ కంపనంలో పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా, గడియారం రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 50 సెకన్లు తప్పుతుంది. మదర్‌బోర్డుపై ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినపుడు తేదీ ఏళ్ళ వెనుకకు పోవచ్చును. అప్పుడు బ్యాంకులు, ప్రభుత్వ సేవల వెబ్‌సైట్లు తెరుచుకోవు. వాటి భద్రతా ధ్రువపత్రాలకు ఆరంభ, ముగింపు తేదీలు ఉండడమే ఇందుకు కారణం. ఇంటర్నెట్ చెడిపోయిందని భ్రమపడి, పనిమీద కొండ దిగి వచ్చిన మనిషిని తిప్పి పంపడం జరుగుతుంది. నిజానికి చెడినది గడియారమే.

== చరిత్ర ==
సమయాన్ని తీగల ద్వారా పంపడం కొత్త విషయం కాదు. 1906కు పూర్వం భారతదేశంలోని రైల్వేలు మద్రాసు సమయాన్ని పాటించేవి. మద్రాసు వేధశాల నుండి సమయ సంకేతం తంతి ద్వారా అందేది. 1906 జనవరి 1న 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక సమయం అమలులోకి వచ్చింది. ఈ రేఖ 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా గుండా, పాడేరుకు పడమరగా పోతుంది. రేఖకు కొద్దిగా తూర్పున ఉన్న అరకులోయలో మధ్యమ సౌరకాలం ప్రామాణిక సమయం కంటే సుమారు ఒకటిన్నర నిమిషం మాత్రమే ముందుంటుంది.

ఎన్‌టీపీని అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్ (1938-2024) రూపొందించాడు. దాని తొలి ప్రమాణపత్రం 1985లో, నాల్గవ రూపం 2010లో వెలువడ్డాయి.

== పనిచేయు విధానం ==
పరమాణు గడియారం, జీపీఎస్ రిసీవరు వంటివి సున్నా అంచె. వాటికి నేరుగా కలిపిన సర్వరు మొదటి అంచె, దానిని అడిగి తెలుసుకొనేది రెండవ అంచె. అడిగే కంప్యూటరు తన ప్రశ్న బయలుదేరిన సమయాన్ని, జవాబు చేరిన సమయాన్ని గుర్తిస్తుంది. సర్వరు కూడా తనకు ప్రశ్న చేరిన, జవాబు పంపిన సమయాలను తెలుపుతుంది.

ఉదాహరణకు ఉపగ్రహ సంబంధంపై ఒక్కొక్క వైపు ప్రయాణానికి 0.3 సెకను పడుతుందనీ, కంప్యూటరు 2 సెకన్లు వెనుకబడి ఉన్నదనీ అనుకుందాం.
* ప్రశ్న బయలుదేరినది (కంప్యూటరు గడియారం): 0.000
* సర్వరుకు చేరినది (సర్వరు గడియారం): 2.300
* జవాబు పంపినది (సర్వరు గడియారం): 2.310
* జవాబు చేరినది (కంప్యూటరు గడియారం): 0.610

వెళ్ళేటపుడు కనబడే తేడా 2.300, వచ్చేటపుడు కనబడే తేడా 1.700. వీటి సగటు 2.000. అంటే ప్రయాణకాలం రద్దయి అసలు తేడా తేలింది. అయితే రాకపోకల కాలాలు సమానం కాకపోతే, వాటి తేడాలో సగం దోషంగా మిగులుతుంది.

== అమర్చు విధానం ==
పాఠశాల లేదా కార్యాలయంలోని ప్రతి కంప్యూటరూ బయటి సర్వరును అడగనక్కరలేదు. ఒకదానిని స్థానిక సర్వరుగా పెట్టుకోవడం మేలు.
# లినక్స్ ఉన్న ఒక కంప్యూటరులో క్రోనీ అనే ప్రోగ్రామును స్థాపించాలి. అప్పుడప్పుడు మాత్రమే అందే ఇంటర్నెట్‌కు ఇది అనువైనది.
# దాని అమరికల ఫైలులో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వరు వంటి నమ్మదగిన వాటిని కనీసం నాలుగింటిని చేర్చాలి. ఒకటి తప్పు చెప్పినా మిగిలినవి పట్టిస్తాయి.
# స్థానిక నెట్‌వర్కులోని యంత్రాలకు అనుమతినిచ్చి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 123వ పోర్టును తెరవాలి.
# ఇంటర్నెట్ లేనపుడు కూడా స్థానిక సర్వరు జవాబిచ్చేలా, దానికి పదవ అంచె కేటాయించాలి. అప్పుడు సమయం కొంత తప్పినా అందరిదీ ఒకటిగానే ఉంటుంది.
# మిగిలిన కంప్యూటర్లలో ఈ సర్వరు చిరునామాను ఇవ్వాలి.

పెద్ద తేడాను కంప్యూటరు తెరిచిన వెంటనే ఒక్కసారిగా సరిచేయవచ్చును. తరువాతి తేడాలను గడియారపు వేగం మార్చి మెల్లగా సర్దాలి. లేకుంటే సమయం వెనుకకు నడిచి, నమోదుల వరుస తారుమారవుతుంది.

== పరిమితులు ==
ఇంటర్నెట్ అసలే లేని చోట జీపీఎస్ రిసీవరు సమయాన్ని ఇవ్వగలదు. కాని కొండల నడుమ ఆకాశంలో కొంత భాగం మరుగవుతుంది కనుక, యాంటెన్నాను పైకప్పు మీద తెరపిగా ఉన్నచోట అమర్చాలి. అయిపోయిన బ్యాటరీకి మాత్రం ఎన్‌టీపీ ప్రత్యామ్నాయం కాదు. దానిని మార్చవలసిందే.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం, సేవాసంస్థలు, డేటా కేంద్రాలు, ప్రభుత్వ సంస్థలు జాతీయ భౌతిక ప్రయోగశాల లేదా నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ సర్వర్లతో గానీ, వాటితో సరిపోల్చదగిన సర్వర్లతో గానీ తమ గడియారాలను కలుపుకోవాలి.